పిరికి డాక్టరు

ఆయన పోయిన సంగతి నాకు ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. అప్పుడు డ్యూటీలో ఉన్నాను. ఎదురుగా ఒక ముసలాయన చొక్కా చేయి మడుచుకుని బీపీ కోసం కూర్చున్నాడు. గ్రూపులో ఫోటో కింద అందరూ దండం పెట్టే బొమ్మలు పెడుతున్నారు. ఇరవై దండాల తర్వాత, ఆ సాయంత్రం ట్యాబ్‌లలో సాఫ్ట్‌వేర్ మారుస్తారనీ, ఎవరూ వాటిని ఆఫ్ చేయవద్దనీ మేనేజరు సందేశం వచ్చింది. దానికి కూడా ఇద్దరు దండమే పెట్టారు.

ముసలాయన బీపీ చూశాను. ఎంత వచ్చిందో రాసే లోపలే మరిచిపోయి మళ్ళీ చూశాను.

"ఏందమ్మా, బాగా ఎక్కువుందా?" అన్నాడు.

"లేదు తాతా. నేనే సరిగ్గా చూడలేదు."

నేను గురజాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. పోయిన మనిషి అక్కడ డాక్టరు. ఆయన దగ్గర పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఆయన గొప్పతనం చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన ఉద్యోగం చివరి రోజుల్లో ఒక పేషెంటు విషయంలో పొరపాటు జరిగింది. అందులో నా చేయి ఉంది, నా మాట ఉంది. నా మాట సంగతి ఆయనకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. నా చేయి సంగతి ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని అడిగారు కూడా. నేను చెప్పలేదు. ఆ ఫోటో చూసినప్పుడు ఏడుపు కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన, ఇక నన్ను అడిగేవాళ్ళు లేరని. ఆ ఆలోచన వచ్చినందుకు భయం వేసింది. ఆ భయం ఇంకా పోలేదు.

ఊళ్ళో ఆయన్ని పిరికి డాక్టరు అనేవారు. వెక్కిరింతగా మొదలై ఉంటుంది. నేను వచ్చేసరికి అది అడ్రసు అయిపోయింది. బస్టాండులో ఆటోవాళ్ళు "పిరికి డాక్టరు కాడికేనా?" అని అడిగి ఎక్కించుకునేవారు. ఆయనకు తెలుసు. ఒకసారి కొత్తగా వచ్చిన మందుల కంపెనీ కుర్రాడు అదే ఆయన ఇంటిపేరు అనుకుని ఆయన ఎదుటే అన్నాడు. ఆయన తప్పు దిద్దలేదు.

నేను చేరిన రోజు ఆయన నన్ను సర్టిఫికెట్లు అడగలేదు.

"నీకు భయమేస్తదా అమ్మా?" అన్నారు.

"లేదు సార్. పేటలో నాలుగేళ్ళు చేశాను. ఐసీయూలో కూడా చేశాను." మేం నరసరావుపేటను పేట అనే అంటాం.

"ఐసీయూ సంగతి అడగలా. భయమేస్తదా అని అడిగా."

"ఎయ్యదు సార్."

"అయితే అది నేర్చుకోవాల నువ్వు. ఇంజెక్షన్ ఇవ్వటం ఎవరైనా నేర్పిస్తారు."

నాకు కోపం వచ్చింది. మాది రెంటచింతల. ఎండకే భయపడని ఊరి నుంచి వచ్చానని మనసులో అనుకున్నాను.

ఆయన గుండె మీద స్టెతస్కోపు పెట్టి వినేవారు, తీసేవారు, మళ్ళీ పెట్టేవారు. మందుల చీటీ రాశాక దాన్ని తనకు తాను పైకి చదువుకునేవారు. పేషెంటు అరచేతిని తన చేతి వెనక భాగంతో తాకి చూసేవారు. అది ఎవరూ గమనించేవారు కాదు, చీటీ అందిస్తూ అందిస్తూ చేసేవారు. భయం వేసినప్పుడు ఎడమ చెవి తమ్మె పట్టుకుని కిందికి లాగేవారు. పాత పేషెంట్లకు ఈ గుర్తు తెలుసు. చెవి మీదికి చేయి పోగానే వాళ్ళే ఇంటికి ఫోను చేసి, ఇవాళ రావడం కుదరదని చెప్పేసేవారు.

భయాన్ని దాచుకునే అలవాటు ఆయనకు లేదు. "నాకు భయంగా ఉందయ్యా, నువ్వు పేటకి పో" అని మొహం మీదే అనేవారు. బజారులో ఇంకో డాక్టరు ఉండేవారు, ఆయన కబుర్లకే సగం జబ్బు తగ్గుతుందని పేరు. జ్వరానికి భయపడేవాడు డాక్టరేందని ఆయన నవ్వుతాడని ఎవరో వచ్చి చెబితే మా డాక్టరు గారు ఒప్పుకున్నారు. "నిజమే. ఆయనకి ధైర్యం చానా ఎక్కువ. అందుకే నేను మా ఇంట్లోవాళ్ళని ఆయన దగ్గరికి పంపను" అన్నారు.

పరీక్ష అయ్యాక ఎవరినీ వెంటనే ఇంటికి పంపేవారు కాదు. ఆయన గది గుమ్మానికి ఎదురుగా గోడ వారన ఒక చెక్క బల్ల ఉండేది. చీటీ తీసుకున్నాక అరగంట ఆ బల్ల మీద కూర్చోవాలి. జలుబైనా, మోకాళ్ళ నొప్పైనా అంతే. తలుపు తీసే ఉండేది. ఆయన తర్వాతి పేషెంటును చూస్తూ మధ్యమధ్యలో బల్ల వైపు చూసేవారు.

"ఎందుకు సార్ ఇది?" అని మొదటి వారంలోనే అడిగాను.

"ఈ స్టూలు మీద కూర్చున్నోడు పేషెంటు లాగా కూర్చుంటాడు. ఆ బల్ల మీదికి పోయినాక మామూలుగా కూర్చుంటాడు. నాకు ఆ మనిషిని చూడాల."

దీని మీద రోజూ గొడవే. బస్సు పోతుందనేవారు, గొడ్లకు నీళ్ళు పెట్టాలనేవారు. ఒకసారి దగ్గరి పల్లె మాజీ సర్పంచి గోరుచుట్టుతో వచ్చాడు. వెంట నలుగురున్నారు.

"ఏంది సార్, గోరుచుట్టుకి కూడా అరగంటేనా?"

"గోరుచుట్టు వేలికి గదా. ఆ వేలెనకాల మనిషెట్టా ఉన్నాడో చూసుకోవద్దూ?"

"ఊళ్ళో నన్ను చూస్తే అందరూ లేచి నిలబడతారు. మీ కాడికొస్తే నన్నే కూర్చోబెడతారు."

"నిలబడతానంటే నిలబడు. అరగంటే."

వెంట వచ్చిన నలుగురూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు. సర్పంచి కూర్చున్నాడు. అరగంట అయ్యాక గుమ్మంలోకి వచ్చి, "చూశారా, చావలా" అన్నాడు.

"మంచిది. వచ్చేసారి కూడా అట్నే చెయ్యి" అన్నారు ఈయన.

చాలాసార్లు ఏమీ జరిగేది కాదు. అది కూడా రాయాలి. బల్ల వల్లే ప్రాణం దక్కిందని నేను గట్టిగా చెప్పగలిగినవి పద్నాలుగేళ్ళలో ఐదారు ఉంటాయి. వడదెబ్బ అనుకుని వచ్చిన ఒక రైతుకు బల్ల మీద కూర్చున్న కాసేపటికి నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. పొద్దుటి నుంచీ పత్తికి పురుగుమందు కొట్టి వచ్చాడట. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. ఇంటికి పోయి ఉంటే దారిలోనే పోయేవాడు. అలాంటివి ఐదారు. మిగతా అరగంటలన్నీ వృథాయే. అది తన పనిలో భాగమని ఆయన అనుకున్నారు.

తర్వాత ఆసుపత్రి చేతులు మారింది. ఇద్దరు చిన్న వయసు డాక్టర్లు, భార్యాభర్తలు, కొన్నారు. మంచివాళ్ళే. ఆయన్ని ఉండమని అడిగారు, ఆయన ఉన్నారు. మరుసటి ఏడు ట్యాబ్‌లు వచ్చాయి.

వాటితో పని తేలిక. పేషెంటు రాగానే నర్సు బాధలేమిటో అడిగి తెర మీద గడులు నొక్కుతుంది. బీపీ, షుగరు, ఈసీజీ అందులోకే పోతాయి. రెండు నిమిషాల్లో ఒక రంగు వస్తుంది. రెడ్ అయితే వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపాలి. ఎల్లో అయితే ఉంచుకుని మళ్ళీ చూడాలి. గ్రీన్ అయితే మందులిచ్చి ఇంటికి పంపవచ్చు. కృత్రిమ మేధ అంటే ఇదేనని నేర్పడానికి వచ్చినాయన చెప్పాడు. మేం మిషను అనే అంటాం. చివరి నిర్ణయం డాక్టరుదేనని తెర అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆయన దాన్ని వ్యతిరేకిస్తారని అందరం అనుకున్నాం. వ్యతిరేకించలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అది ఏం అడుగుతోందో చూసేవారు. వచ్చిన నెలలోనే గుండె దడ అంటూ ఒక లారీ డ్రైవరు వచ్చాడు. ఆయన ఈసీజీ కాగితం రెండుసార్లు చూసి ఏమీ లేదన్నారు. మిషను ఎల్లో ఇచ్చింది. గుండెలో పుట్టుకతో ఒక దారి అదనంగా ఉందేమో చూడమంది. గుంటూరులో చూస్తే నిజంగానే ఉంది.

"నేను రెండుసార్లు చూశా, నాకు కనపళ్ళా. దానికి కనపడింది" అని ఆయన వారం పాటు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పారు. సిగ్గుపడలేదు. అది తన కంటే బాగా భయపడుతోందని అనుకున్నట్టున్నారు.

ఆ తర్వాత ఆయనలో మార్పు వచ్చింది. నెమ్మదిగా వచ్చింది గనక చెడ్డ మార్పు అనిపించలేదు. గ్రీన్ రాగానే ఆయన భుజాలు కిందికి దిగేవి. చెవి లాగడం తగ్గింది. బల్ల తీసేయమని కొత్తవాళ్ళు ఎప్పుడూ అనలేదు. పేషెంట్లే కూర్చోవడం మానేశారు. "మిషను పొమ్మంది గదా సార్, మీరేంది ఇంకా" అనేవారు. అరగంట పావుగంటైంది. తర్వాత ఉంటామన్నవాళ్ళే ఉండేవారు. అలా అనేవాళ్ళు ఎవరుంటారు?

ఒక ఉదయం రాగానే నాతో అన్నారు, "ఈ మధ్య నిద్ర పడతందమ్మా నాకు. మధ్యలో లేవటం లేదు."

"మంచిదే గదా సార్."

"మంచిదేనంటావా?"

జవాబు కోసం నిలబడ్డారు. మంచిదేనన్నాను. బీపీ కూడా తగ్గుతుందన్నాను.

ఇక నా చేయి సంగతి చెప్పాలి. ట్యాబ్‌లో చెమట పడుతోందా అని ఒక గడి ఉంటుంది. మొదటి ఎండాకాలంలో ఆ గడితో చిక్కు వచ్చింది. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో చెమట పట్టకుండా ఆసుపత్రికి వచ్చే మనిషి ఉండడు. రాసేవాళ్ళకూ పడుతుంది. ఆ గడి నొక్కితే ఒంట్లో మంట ఉన్న ప్రతివాళ్ళూ, ఆయాసం ఉన్న ప్రతివాళ్ళూ ఎల్లోలోకి పోయేవారు. మంచాలు చాలేవి కావు. "చూసి నొక్కండమ్మా" అన్నాడు మేనేజరు. అంతకంటే ఏమీ అనలేదు. మేం చూసి నొక్కడం కాదు, అసలు నొక్కడమే మానేశాం. ఎండాకాలం పోయాక కూడా మళ్ళీ మొదలుపెట్టలేదు. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు. ఒక గడి గురించి డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తర్వాతి మార్చి, మిరప కోతల రోజులు. ఆ రోజుల్లో మా ఆసుపత్రిలో సగం మంది తుమ్ముతూనే ఉంటారు. కాయ కోసేవాళ్ళకు చేతులు భగభగ మండుతాయి. గొంతు, ముక్కు, ఛాతీ కూడా మండుతాయి. చల్లటి వాటర్ ప్యాకెట్లు కొనుక్కుని అరచేతుల మధ్య పెట్టుకుని తిరుగుతారు. ఒక మధ్యాహ్నం యాభై ఏళ్ళావిడ ఒక్కతే వచ్చింది. ఆమె చేతుల మధ్యా ప్యాకెట్ ఉంది. రెంటచింతల దగ్గరి పల్లె.

"ఇక్కడి కాడి నుంచి ఇక్కడి దాకా మంట సిస్టరమ్మా" అంటూ గొంతు నుంచి రొమ్ము కింది దాకా చూపించింది. "ఘాటు పట్టింది. పొద్దుటి నుంచీ కోతలోనే ఉన్నా."

"ఎవరూ రాలేదా తోడు?"

"ఆయన కల్లంలో ఉన్నాడు. కాయ ఆరబోసినాం. ఇద్దరం వస్తే దొంగలే వస్తారు."

నవ్వింది. నేనూ నవ్వాను. మంట అన్న గడి నొక్కాను. మిరప పని అని రాశాను. ఆమె రవిక తడిసి వీపుకు అంటుకుని ఉంది. నాది కూడా అలాగే ఉంది. చెమట గడి నొక్కలేదు. ఈసీజీ తీశాను. గ్రీన్ వచ్చింది.

ఆయన చూశారు. చీటీ రాశారు, చదువుకున్నారు, అందిస్తూ ఆమె అరచేతిని తాకారు. చేయి అక్కడే ఆగింది.

"చెయ్యి చల్లగా ఉంది" అన్నారు నా వైపు చూసి.

"ఇప్పటిదాకా వాటర్ ప్యాకెట్ పట్టుకుని ఉంది సార్" అన్నాను.

ఆయన చెవి పట్టుకున్నారు. చాలా రోజుల తర్వాత. బల్ల వైపు చూశారు. ఏదో అనబోయారు.

"గ్రీనే వచ్చింది సార్. మూడింటి బస్సు పోతే ఆమెకి మళ్ళీ ఐదింటి దాకా లేదు" అన్నాను.

ఆయన తెర వైపు చూశారు. భుజాలు దిగాయి. "సరేలే, పోయిరామ్మా" అన్నారు.

రెంటచింతలలో దిగాల్సిన మనిషి దిగలేదని కండక్టరు లేపబోయాడు. అప్పటికే అయిపోయింది.

గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. అరగంట ఆగి మళ్ళీ తీస్తే తెలుస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. నర్సింగ్ చదివేటప్పుడే చెబుతారు. నాకు తెలుసు.

మర్నాడు ఆయన వాళ్ళింటికి బయలుదేరారు. నన్ను రమ్మనలేదు, నేనే కారెక్కాను. ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఆమె భర్త కుర్చీ తెచ్చి వేశాడు. ఈయన కూర్చోలేదు.

"అయ్యా, నిన్న మీ ఆమెని పంపించింది నేను. ఉంచుదామా అనుకున్నా. ఉంచలా."

"మిషను బాగుందనే చెప్పిందంట గదా సార్" అన్నాడాయన. "చీటీ మీద కూడా గ్రీనని ఉంది. మా వాడు చదివి చెప్పాడు. మిషనే చెప్పినాక మీరు మాత్రం ఏం చేస్తారు?"

"మిషను కాదయ్యా. నేను."

"మీది మంచి మనసు సార్. ఇంత దూరం వచ్చారు."

పెళ్ళాం పోయిన మనిషి డాక్టరు చేతులు పట్టుకుని ఓదార్చాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను. నాకు ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు, తాగాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన అన్నారు:

"తిట్టలేదమ్మా వాళ్ళు నన్ను. మిషను రాకముందైతే నా కాలరు పట్టుకునేవాళ్ళు. పంపించింది నేనంటే వినపడటం లా వాళ్ళకి. రేపు ఇంకొకళ్ళు పోతే ఎవరి మీదికి పోతారు వీళ్ళు? ఎవరిని అడుగుతారు?"

కారులో ఏసీ ఉంది. నాకు చెమట పడుతోంది.

ఆసుపత్రిలో సమావేశం పెట్టారు. మేనేజరు తెర మీద రికార్డు చూపించాడు. ఎక్కించిన వివరాలు, వచ్చిన రంగు, టైము. "మన వైపు అంతా పద్ధతి ప్రకారమే ఉంది సార్" అన్నాడు. గది అంతా తేలిక పడింది. ఆ తేలికలో నేనూ ఉన్నాను. ఆయన కాగితం అడిగి, పేషెంటును ఇంటికి పంపింది తన నిర్ణయమేనని రాసి సంతకం పెట్టారు. నేనన్న మాటలు అందులో లేవు. వాటర్ ప్యాకెట్ లేదు, బస్సు లేదు. ఆ కాగితాన్ని కొత్త డాక్టరు గారు మర్యాదగా తీసుకుని సొరుగులో పెట్టారు.

తర్వాత ఆయన ఇంకో పది రోజులు వచ్చారు. భయం తిరిగి వచ్చింది గానీ అది పనికొచ్చే భయం కాదు. జలుబు వాళ్ళను కూడా పేటకు పొమ్మనేవారు. చెవి ఎర్రగా కందిపోయి ఉండేది. పదకొండో రోజు రాలేదు. పేటలో ఉన్న సొంత ఇంటికి మారిపోయారు.

పోయిన ఏడు ఒకసారి చూడటానికి వెళ్ళాను. మనిషి సగమయ్యారు. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగారు, చెప్పాను. అమ్మగారు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళాక ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఒక సంగతి నాకు అంతుపట్టడం లేదమ్మా. ఆమెకి చెమట పట్టింది. నేను చూశా. మంట, చెమట, ఆ వయసు. మూడూ కలిస్తే నాకు తట్టాల. సరే, నేను తప్పు చేశా. మరి దానికెందుకు తట్టలా? డ్రైవరు కుర్రాడి గుండెలో అంత సన్న దారి కనిపెట్టిన దానికి, చెమట ఎందుకు తెలియలా?"

కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉంది.

"ఏమో సార్" అన్నాను.

"రోజూ ఇదే ఆలోచిస్తన్నా. దానికి అన్నీ చెప్పినాం గదా."

"చెప్పాం సార్."

ఆయన తల ఊపారు. నన్ను నమ్మారు. నాకు తెలిసినంతలో ఆయన ఎవరి మాటా ఒకసారికి నమ్మేవారు కాదు. నాది నమ్మారు. ఆ మిషను అన్నీ తెలిసి కూడా పొరపడిందని, అటువంటి దాని ఎదుట తన చేతికి తగిలిన చల్లదనాన్ని వదులుకున్నానని అనుకుంటూనే పోయారు. దానికి మేం చెప్పలేదని తెలిస్తే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయనకు నిద్రైనా పట్టేదేమో. లేక ఎంతమందికి ఇలా గ్రీన్ ఇచ్చి పంపామోనని లేచి ఆసుపత్రికి వచ్చేవారేమో. వచ్చేవారనే నాకు భయం ఉండేది. అందుకే చెప్పలేదని ఇప్పుడు ఒప్పుకోగలను.

ఆయన దినం అయిన మర్నాడు నేను ఆ పల్లెకు వెళ్ళాను. చనిపోయినావిడ భర్త వాకిట్లో గోతాలు కుడుతున్నాడు. మొదట గుర్తుపట్టలేదు. చెప్పాక, "పిరికి డాక్టరు గారి సిస్టరమ్మవా? పాపం, పోయారంటగా" అన్నాడు. కుట్టడం ఆపలేదు.

మొదటి నుంచీ చెప్పాను. డాక్టరు గారు ఆపబోయారని, వాటర్ ప్యాకెట్ మాట, బస్సు మాట నేనన్నానని చెప్పాను. మిషనులో చెమట గడి ఉందని, నేను నొక్కలేదని చెప్పాను.

"గడంటే ఏంది?"

"చిన్న చదరం. దాని మీద వేలితో నొక్కాలి."

"వేలితో నొక్కటమేనా?"

"అంతే."

"నొక్కితే?"

"ఎల్లో వచ్చేది. పంపించేవాళ్ళం కాదు."

సూది గోతాంలో గుచ్చి చేతులు తీశాడు. "బతికేదా?"

"తెలియదు. బతకడానికి వీలుండేది."

చాలాసేపు నా వైపు చూశాడు. డాక్టరు గారు ఆ రోజు టెంటు కింద నిలబడి ఆ చూపు కోసమే ఎదురుచూశారని నాకు అర్థమైంది. అది భరించడం కష్టం. ఆయన ఎలా భరిద్దామనుకున్నారో తెలియదు.

"ఇంకా ఆడనే చేస్తన్నావా పని?"

"చేస్తున్నాను. ఇప్పుడు ఆ గడి నొక్కుతున్నాను."

"నువ్వుండని రోజులేందో చెప్పి పో. మా ఇంట్లో ఎవరికన్నా బాగలేకపోతే ఆ రోజుల్లో వస్తాం."

బుధవారం, ఆదివారం ఉండనని చెప్పాను. చెప్పాక లేచి నిలబడ్డాను గానీ అడుగు పడలేదు. ఆ రెండు రోజులూ నా కుర్చీలో కూర్చునే అమ్మాయి చురుకైనది, మర్యాదస్తురాలు. ఆ గడి నొక్కదు. చేరిన కొత్తలో ఆ అమ్మాయికి పని నేర్పింది నేను. నొక్కవద్దని నేర్పిందీ నేనే. తర్వాత నొక్కమన్నాను, ఎందుకో మాత్రం చెప్పలేదు. అన్నీ ఎల్లోలే వస్తే మేనేజరు తనను అంటాడని నవ్వి ఊరుకుంది.

ఆయన మళ్ళీ సూది అందుకోబోయి, నేను కదలకపోవడం చూసి ఆగాడు.

"ఇంకా ఏమన్నా ఉందా?" అన్నాడు.

ఉందని చెప్పాను.